పరమాణు భారం 232

ఇపో,
18 సెప్టెంబరు 2022, ఆదివారం.

రోహాయాకి,

యోక్ లాన్ రాస్తున్నది. నీకూ, మీ అమ్మగారికీ నా సలాములు. ఇక్కడ మధ్యాహ్నం వానలు మొదలయ్యాయి. మోకాళ్ళు తప్ప ఒళ్ళు బాగానే ఉంది. ఉత్తరం ఇలాగే మొదలుపెట్టాలని హాస్టల్లో సిస్టర్ మన చేత నూరుసార్లు రాయించింది కాబట్టి ఇంతవరకు రాశాను. ఇక్కడినుంచి మర్యాదలు ఉండవు. మొన్న గురువారం నుంచి ఏం తిన్నా లోపల నిలవడం లేదు. దానికి కడుపు కారణం కాదు.

తొమ్మిదేళ్ళయింది మనం మాట్లాడుకుని. ఆ మరుసటి ఏడాది హరి రాయా పండగకి నేను పంపిన కేకు డబ్బా తెరవకుండానే తిరిగొచ్చింది. దాన్ని నేనూ తెరవలేదు. ఈ ఉత్తరాన్ని మాత్రం దయచేసి తిప్పి పంపకు. నీకు తెలిసిన సంగతులే ఇందులో చాలా ఉంటాయి. అయినా మొదటినుంచీ రాస్తాను. ఎందుకంటే నీతోపాటు ఇంకొందరు దీన్ని చదవాలి. తేదీ, సంతకం వేసిన కాగితంలా ఉండాలి. ముప్పై ఏళ్ళుగా లాయర్‌ని కదా, ఆ అలవాటు పోదు.

గురువారం ఊళ్ళో ఒక హోటల్లో కుర్ర లాయర్లకి శిక్షణ తరగతి పెట్టారు. లైసెన్సు నిలవాలంటే ముసలివాళ్ళం కూడా ఏడాదికి ఇన్ని గంటలని కూచోవాలి, అందుకు వెళ్ళాను. సైన్సు మాటల్ని చట్టపు పత్రాల్లో ఎలా వాడాలి అన్నది విషయం. చెప్పేది ఎవరనుకున్నావు? ఫూంగ్. అప్పుడు కంపెనీ తరఫున నిన్ను ప్రశ్నలడిగిన ఫూంగే. ఇప్పుడు బిరుదొచ్చి దాతుక్ ఫూంగ్ అయ్యాడు. జుట్టుకి రంగు వేస్తున్నాడు, పళ్ళు కొత్తవి కట్టించుకున్నాడు.

అతను తెర మీద మొట్టమొదట చూపించింది మన తామన్ మెలూర్ ఒప్పందం, రోహా. అందులో నాలుగో షరతు. దాన్ని పెద్ద అక్షరాల్లో వేసి, పసుపు రంగు పూసి, పత్రం రాయడమంటే ఇదీ అన్నాడు. ఇందులో ప్రతి మాటకీ బరువుంది, ఒక మాటకైతే నిజంగానే బరువుంది, రెండు వందల ముప్పై రెండు అన్నాడు. అందరూ నవ్వారు. ఆ తర్వాత సాక్షిబోనులో నువ్వు చెప్పిన జవాబుల్ని నీ గొంతుతో చెప్పి చూపించాడు. ఆ యాసా, కళ్ళజోడు సర్దుకుంటూ నువ్వు ఆగిపోయే తీరూ, అంతా. హాలంతా మళ్ళీ నవ్వింది. నా పక్కన కూర్చున్న అమ్మాయికి పాతికేళ్ళుంటాయేమో, తలకి లేత నీలం తుడుంగ్ చుట్టుకుని శ్రద్ధగా రాసుకుంటోంది. తొంగి చూస్తే, ఖచ్చితత్వం అని రాసి కింద రెండు గీతలు గీసుకుంది. బయటికెళ్ళి వాంతి చేసుకుని, మొహం కడుక్కుని, మళ్ళీ వచ్చి అదే కుర్చీలో కూర్చున్నాను. లేచి ఒక్క మాట అనలేదు. దానికి కూడా నా మీద నాకు రోతగా ఉంది.

ఇక మొదటినుంచి.

తామన్ మెలూర్‌లో ఇరవై రెండు ఇళ్ళు. అది పల్లపు నేల. పాత తగరపు గనుల ఇసకలోంచి మోనజైటు అనే థోరియం ఖనిజం తీసి, దాన్ని యాసిడ్లో ఉడికించే షెడ్డు ఒకటి ఏటి పక్కన ఉండేది. అక్కడ మిగిలిన బూడిదరంగు బురదని లారీల్లో తోలి ఆ పల్లం పూడ్చారు. షెడ్డుదీ, ఇళ్ళదీ యజమాని ఒకడే, సింగా బుమి కంపెనీ. జనం 2003లో దిగారు. మూడేళ్ళ తర్వాత ప్రభుత్వం మనిషి ఒకాయన చేతిలో రేడియేషన్ మీటరు పట్టుకుని వీధి వెంట నడిచాడు. అది ఆగకుండా టిక్కుటిక్కుమంది. ఏడో నంబరు ఇంటి అహ్ హోయ్ అంకుల్ తన నూడిల్స్ బండిని గుమ్మం ముందు పెట్టుకుని పులుసు కాస్తున్నాడు. ఆ ఆఫీసరు ఏం తోచి పెట్టాడో మీటరు తీసుకెళ్ళి ఆయన గిన్నె మీద పెట్టాడు. టిక్కుమన్నది కింది నేల. ఫోటో పడ్డది మాత్రం గిన్నెది. మర్నాడు పేపర్లో వచ్చింది.

ఆ రోజునుంచి ఆయన బండి దగ్గరికి మనిషి రాలేదు. మార్కెట్లో మిగతా బండ్లవాళ్ళు, ఏం హోయ్, ఇవాళ పులుసు మెరుస్తోందా, లైటు లేకుండానే వండేస్తున్నావటగా అని ఎగతాళి చేసేవాళ్ళు. ఆయన రోజూ మధ్యాహ్నం నాలుగు దార్ల కూడలిలో నిలబడి తన నూడిల్స్ తనే తినేవాడు. ఇదిగో చూడండి, నేనే తింటున్నాను, నా పెళ్ళామూ తింటోంది అని అరిచేవాడు. ఆ అరుపు విని నువ్వు సైకిల్ దిగి ఒక గిన్నె అడిగి తిన్నావు. మన కేసు అక్కడ మొదలైంది.

కోర్టుకి వెళ్ళకుండా ఒప్పందం రాసుకుందామని కంపెనీ కబురు పెట్టింది. ఇళ్ళవాళ్ళ తరఫున మా ఆఫీసు. మా పెద్దాయన ధిల్లాన్‌గారు గుండె ఆపరేషన్‌కి కౌలాలంపూర్ వెళ్ళారు. పని నా మీద పడింది. రసాయన శాస్త్రం నాకు రాదు, నీకొచ్చు. నువ్వు పాఠాలు చెప్పే బడి నుంచి నేరుగా వచ్చి, మా ఆఫీసులో కూర్చుని, పరీక్ష పేపరు వెనక నాలుగో షరతు రాసిచ్చావు. ఆ మట్టిలో థోరియంగానీ, దానిలోంచి పుట్టే ఏ పదార్థంగానీ మామూలు నేలలో ఉండేదానికి అయిదు రెట్లు మించి కనిపిస్తే, కంపెనీ మట్టంతా ఎత్తివేసి, ఇరవై రెండు కుటుంబాలకీ వేరే చోట ఇళ్ళు కట్టివ్వాలి అని. అంత తేలిగ్గా ఉంది. అహ్ హోయ్ అంకుల్‌కి చదివి వినిపిస్తే, నాకూ అర్థమైంది, ఇక ఏ లాయరూ అక్కర్లేదు అన్నాడు.

సంతకాలు పడ్డ పత్రంలో మాత్రం, పరమాణు భారం 232 గల థోరియం అయిదు రెట్లు మించి కనిపిస్తే, అని ఉంది. దానిలోంచి పుట్టే పదార్థం సంగతి లేదు. అప్పుడు దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. 2009లో నువ్వే మట్టి డబ్బాల్లోకెత్తి పరీక్షకి పంపావు. ఫలితం చేతికొచ్చిన రోజు నువ్వు నాకు ఫోన్లో చెప్పిన మాటలు ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి. థోరియం ఉంది యోక్ లాన్, పదకొండు రెట్లుంది, కానీ అది 232 కాదు, 228 అన్నావు. అయితే ఏమైంది, థోరియం థోరియమే కదా అన్నాను. ఉండు, వస్తాను అని ఫోన్ పెట్టేశావు.

తర్వాత వచ్చి వివరంగా చెప్పావు. రెండూ ఒకే మూలకం, ఒకే పేరు, ఏ సీసాలో పోసినా ఒకేలా ప్రవర్తిస్తాయి, తేడా అంతా బరువులో, అందుకే ఐసోటోపులంటాం అన్నావు. 232 తల్లి. అది మెల్లగా చితికి రేడియం 228 పుడుతుంది, ఆ రేడియంలోంచి మళ్ళీ థోరియమే వస్తుంది, కాకపోతే నాలుగు తక్కువ బరువుతో. షెడ్డులో యాసిడ్ పోసి థోరియమంతా లాగేస్తే రేడియం బురదలో మిగిలిపోతుంది. అది ఊరుకోదు, కొత్త థోరియాన్ని కంటూ పోతుంది. తల్లిని డ్రముల్లోకెత్తి అమ్ముకున్నారు, పిల్లల్ని మన వాళ్ళ వంటిళ్ళ కింద పూడ్చారు, ఒప్పందమేమో తల్లిని వెతకమంటోంది అన్నావు.

ఆ మాటే నువ్వు కోర్టులో చెప్పావు. ఫూంగ్ దానికోసమే కాచుకుని ఉన్నాడు. బడిపిల్లలు టీచర్ని పిలిచినట్టు చెగూ అంటూ, ఒప్పందంలో ఎంత రాసుంది చెగూ, గట్టిగా చదవండి అన్నాడు. రెండు వందల ముప్పై రెండు అన్నావు. మీకు దొరికింది ఎంత అన్నాడు. రెండు వందల ఇరవై ఎనిమిది, కానీ అన్నావు. కానీలు వద్దు చెగూ, మీ క్లాసులో పిల్లాడు 232కి బదులు 228 రాస్తే మార్కులిస్తారా అన్నాడు. నువ్వు తల్లి, పిల్లలు అని మొదలుపెట్టగానే జడ్జిగారి వైపు తిరిగి, మేం అడుగుతున్నది తల్లి గురించి మై లార్డ్, ఈవిడ పెళ్ళికెదిగిన కూతుళ్ళని చూపిస్తోంది అన్నాడు. 232వ నంబరు ఇంటికి వారంటు తెచ్చుకుని 228లో తలుపు కొడితే ఆ పోలీసుల్ని ఏం చేయాలి అన్నాడు. గుమాస్తాలు కూడా నవ్వారు. నువ్వు కళ్ళజోడు తీసి తుడుచుకున్నావు, మళ్ళీ పెట్టుకున్నావు, అసలు ఏం అడిగారు అన్నావు. ఇరవై ఎనిమిదేళ్ళు పాఠాలు చెప్పినదానివి.

ఆ తర్వాత వాయిదాలు. వాళ్ళ నిపుణుడికి జ్వరం, వాళ్ళ నిపుణుడి కూతురి పెళ్ళి, ఫైలు కనిపించలేదు. నాలుగేళ్ళు. ఒకసారి నువ్వు కోర్టు వరండాలో నా చెయ్యి పట్టుకుని, వీళ్ళు ఊరికే గడువు అడగడం లేదు, సాక్ష్యాన్ని కరగబెడుతున్నారు, రేడియం ఆరేళ్ళలోపే సగమైపోతుంది, జడ్జికి చెప్పు అన్నావు. చెప్పాను. న్యాయస్థానం తన వేగంతో నడుస్తుంది అన్నాడాయన. 2013లో మళ్ళీ పరీక్ష చేస్తే పదకొండు రెట్లున్నది ఏడుకి దిగింది. దానంతటదే పోతుంటే మేం ఎందుకు తవ్వాలి మై లార్డ్ అన్నాడు ఫూంగ్. రెండు పక్షాలూ తెలివిలో ఉండి రాసుకున్న అంకెని కోర్టు మార్చలేదని తీర్పు వచ్చింది.

మెట్ల మీద నువ్వు ఒకటే అడిగావు, నా వాక్యాన్ని ఎవరు మార్చారు అని. కంపెనీవాళ్ళు చివర్లో మళ్ళీ టైపు చేసి తెచ్చారని, మా టైపిస్టు మార్గరెట్ రెండు ప్రతుల్నీ సరిచూసి కూడా ఆ తేడా పట్టుకోలేదని చెప్పాను. ఇరవై రెండు ఇళ్ళని నమ్మి మీ చేతిలో పెడితే మీ ఆఫీసులో ఒక్కరికైనా కళ్ళు లేకపోయాయా అని వెళ్ళిపోయావు. ధిల్లాన్‌గారు ఆ వారమే మార్గరెట్‌ని పనిలోంచి తీసేశారు. ఇరవై ఆరేళ్ళు కూర్చున్న కుర్చీ మీది దిండుని చంకలో పెట్టుకుని వెళ్ళింది.

ఇదంతా పాతదే. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, గురువారం ఫూంగ్ మాకు పంచిన కాగితాల చివర ఒక నమూనా ఒప్పందం ఉంది. అందులో అదే షరతు, అదే అంకె. ఊరి పేరు దగ్గర ఎవరో కొట్టేయడం మరిచిపోయారు, తామన్ చెంపాకా అని ఉంది. ఆ షెడ్డు ఇంకా నడుస్తోంది, రోహా. రెండేళ్ళ కిందట చెంపాకాలో కూడా ఆ బురదే పోశారు. మీటరు పట్టుకుని మళ్ళీ ఎవరో వచ్చారట, మళ్ళీ ఒప్పందం రాసుకుందామన్నారట.

శుక్రవారం మలేషియా డే సెలవు కదా, పొద్దున్నే అక్కడికి వెళ్ళాను. ఇళ్ళవాళ్ళ సంఘం పెద్ద పువాన్ నోర్‌లైలా అనే ఆవిడ. వరండాలో రెండు కుట్టుమిషన్లు వేసుకుని బడి యూనిఫారాలు కుడుతుంది. పత్రం ఆవిడ దగ్గరే ఉంది, వచ్చే గురువారం, ఇరవై రెండున, సంతకాలు. పెట్టొద్దమ్మా అన్నాను. కాలు మిషను మీదినుంచి తీయకుండానే నువ్వెవరు, ఎవరి మనిషివి అంది. చెప్పాను. మిషను ఆపింది. ఓహో, తామన్ మెలూర్‌ని ముంచిన లాయరమ్మవి నువ్వేనా, ఇక్కడ కూడా ముంచడానికి వచ్చావా, ఫీజు వాళ్ళిస్తారా మేమివ్వాలా అంది. లోపలినుంచి ఇంకెవరో, ఆవిడకి టీ ఇవ్వకు, తాగి కూర్చుంటుంది అన్నారు. నేను 232, 228 అని చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, లాయర్ల నోటినుంచి అంకెలు వినం, ఆ పాఠాలు చెప్పిన టీచరమ్మని తీసుకురా, ఆవిడ చెబితే వింటాం, లేకపోతే గురువారం సంతకం పెడతాం, ఏమీ లేకపోవడం కంటే ఏదో ఒకటి నయం అంది. ఆవిడ అన్న దాంట్లో ఒక్క మాట కూడా నాకు తప్పుగా అనిపించలేదు.

నిన్న ఏడో నంబరు ఇంటికి వెళ్ళాను. అహ్ హోయ్ అంకుల్ భార్య పోయింది, నీకు తెలిసే ఉంటుంది. ఆయన అక్కడే ఉన్నాడు, ఆ ఇల్లు కొనేవాడు లేడు. వీధి మొదట్లో కంపెనీ కొత్త బోర్డు పెట్టింది, పరీక్షించిన స్వచ్ఛమైన నేల అని. ఆయన నన్ను లోపలికి రమ్మనలేదు, పొమ్మనలేదు. నా ఇంటి కింద ఉన్నదాని అంకె ఇప్పుడు ఎంత అని అడిగాడు. చాలావరకు సీసమైపోయి ఉంటుంది, మిగిలింది రెండు రెట్లు కూడా ఉందో లేదో అన్నాను. అంటే పంతొమ్మిదేళ్ళు నా బతుకు తిని, అరిగించుకుని, అదిప్పుడు మంచిదైపోయిందన్నమాట అన్నాడు. కాండ్రించి ఉమ్మాడు, నా మీద కాదు, బోర్డు వైపు. నా మీద ఉమ్మినా తుడుచుకునేదాన్ని కాదు.

ఈ వృత్తి మీద నాకు అసహ్యమేసింది రోహా. మంచి అంకె, పెద్ద మాట, ఇస్త్రీ కోటు. వాటి అడుగున ఏముందో అడిగిన వాళ్ళని చూసి నవ్వడం. ఆ హాల్లో నవ్విన పిల్లలు చెడ్డవాళ్ళు కారు. వాళ్ళకి అలా నవ్వడం నేర్పుతున్నాం.

నా కోసం రావొద్దు. బుధవారం సాయంత్రం అయిదింటికి చెంపాకాలో నమాజు చదివే సురావు పక్క హాల్లో వాళ్ళు కూడుతున్నారు. నువ్వు వెళ్ళి, నీ మాటల్లో, నాలుగో షరతు రాసివ్వు. దానిలోంచి పుట్టే ఏ పదార్థంగానీ అన్న మాట ఉండాలి. నేను హాలు బయటే ఉంటాను, పిలిస్తే లోపలికొస్తాను, లేకపోతే లేదు. నువ్వు రాసిందాన్ని ఇంకే లాయరూ ముట్టకుండా అక్కడికక్కడే అందరి చేతా సంతకాలు చేయించు.

అమ్మగారికి చెప్పు, నన్ను తిట్టుకున్నా ఫరవాలేదని.

ఒకప్పటి నీ,
యోక్ లాన్

తా. క. కవరు అంటించాను, మళ్ళీ చించాను. పై ఉత్తరంలో అబద్ధం రాయలేదు. నీకు అప్పుడు ఏం చెప్పానో అదే రాశాను. కానీ నీకు చెప్పింది అబద్ధం.

కంపెనీవాళ్ళు ఏమీ మళ్ళీ టైపు చేయలేదు. సంతకాల ముందురోజు ఆఫీసులో ఒక్కదాన్నే నీ వాక్యం చదువుకున్నాను. దానిలోంచి పుట్టే ఏ పదార్థంగానీ అంటే బజారులో ఆడవాళ్ళు మాట్లాడుకున్నట్టుందనిపించింది. అవతల ఫూంగ్ ఉన్నాడు, పెద్ద పేరు. ధిల్లాన్‌గారు లేకపోయినా నాకు పని తెలుసని అతను అనుకోవాలి. మన పాత రసాయన శాస్త్రం పుస్తకం చివరి పట్టికలో థోరియం ఎదురుగా పరమాణు భారం 232.04 అని ఉంది. చుక్క తర్వాతది వదిలేసి, నా పెన్నుతో, పరమాణు భారం 232 గల, అని నీ థోరియం ముందు చేర్చాను. మెళ్ళో గొలుసు వేసినట్టు, అందం కోసం. అది అన్ని థోరియాలకీ చెందే వర్ణన అనుకున్నాను, ఒక్కదాన్ని ఏరి పెట్టడమని తెలియదు. అంత ఖచ్చితమైన అంకె ఉన్నాక ఇంకేం కావాలని మిగతాది కొట్టేశాను. నీకు ఫోన్ చేసి అడిగితే నాకు తెలియదని నీకు తెలిసిపోతుందని చేయలేదు.

మార్గరెట్ నేనిచ్చిన ప్రతినే అక్షరం పొల్లు పోకుండా టైపు చేసింది. ధిల్లాన్‌గారి ముందు ఆ మాట చెప్పింది కూడా. ఆయన నా వైపు చూశారు. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

గురువారం టీ దగ్గర ఫూంగ్ వచ్చి, చేతిలో కరీపఫ్‌తో, చెవి దగ్గరికి వంగి, మిస్ లియోంగ్, ఆ అంకె మా గుమాస్తా కంటబడేదాకా మూడేళ్ళు నాకూ తెలియదు, ఆ రోజు మీరు ఏం రాసుకొస్తే దానికి సంతకం పెట్టెయ్యమని మా కంపెనీ చెప్పింది, టీచరమ్మ వాక్యానికీ పెట్టేవాళ్ళమే అన్నాడు. నా భుజం తట్టాడు.

నీ పరీక్ష పేపరు ఇందులో పెట్టాను. ముందు నీ నల్ల సిరా, దాని మీద నా నీలం సిరా. మార్గరెట్‌కి రాసిన ఉత్తరం వేరే కవరులో వెళ్ళింది. ఆ పేపరూ, ఈ ఉత్తరమూ అహ్ హోయ్ అంకుల్‌కి ఇవ్వు, నా మీద కేసు వేయమను. గడువు దాటిపోయిందని ఎవరైనా అంటే నమ్మొద్దు. దాచిపెట్టిన తప్పుకి గడువు, అది తెలిసిన రోజునుంచి మొదలవుతుంది. నువ్వు ఇది చదివిన తేదీ కింద రాసి పెట్టు.